ఖాళీ సంచి పరీక్ష

నువ్వు ఏం ఉద్యోగం చేస్తావని మా వీధిలో ఎవరైనా అడిగితే "ల్యాబులో క్లీనింగు" అని చెప్పేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం చెబితే నవ్వుతారని మింగేసేదాన్ని. ఆ మిగతా సగం ఏమిటంటే, మనుషులను వాసన చూసి లోపలికి పంపడం.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీ వంటి పిల్లల కోసం నాలుగు మాటలు రాయమని మా మేడమ్ అడిగింది. పని ఎలా చేయాలో మీకు నేర్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను రాయగలిగింది ఒక శుక్రవారం గురించి మాత్రమే. నా అక్షరాలు నలభై ఎనిమిదేళ్ల వయసులో వచ్చినవి కాబట్టి వాక్యాలు కొంచెం కుంటుతాయి. ఓపిక పట్టండి.

మా ల్యాబు జహీరాబాద్ దాటిన తర్వాత, హైవే నుంచి కొంచెం లోపలికి, చెరకు తోటల పక్కన ఉండేది. అక్కడే ఎందుకు కట్టారని మొదట్లో నాకూ అనుమానమే. మేడమ్ చెప్పాక అర్థమైంది. ఒకవైపు బొంబాయి లారీల పొగ, ఇంకోవైపు కోత అయ్యాక కాల్చే చెరకు ఆకు, మధ్యలో చెట్లూ పొలాలూ. వీటన్నిటి నుంచి కంటికి కనిపించని ఆవిర్లు గాలిలోకి వస్తాయి. ఎండ తగిలితే ఆ ఆవిర్లు మారిపోతాయి, బరువెక్కుతాయి, సన్నటి నలుసులవుతాయి. దుమ్ము లేచి పడేది కాదు ఇది. ఏమీ లేనట్టున్న గాలిలోనే నలుసు పుడుతుంది. చలికాలం పొద్దున హైవే మీద కనిపించే మసకలో మంచుతో పాటు ఇవి కూడా ఉంటాయట. మన ఊపిరితిత్తుల్లోకి పోయేవి ఇవే.

ఆ పుట్టుకను చూడడానికే మా గది. గది నిండా ఒక పెద్ద పారదర్శకమైన సంచి వేలాడుతూ ఉంటుంది. నలుగురు మనుషులు అందులో చాపలు పరుచుకొని పడుకోవచ్చు. చుట్టూ ఎండకు బదులు నీలిరంగు దీపాలు. సంచిలోకి శుభ్రమైన గాలి నింపి, ఏదో ఒక ఆవిరి, పైన్ చెట్టుదో నారింజ తొక్కదో, చుక్కంత వదిలి, దీపాలు వేస్తారు. కంప్యూటరు మీద ఒక గీత ఉంటుంది. నలుసులు లేకపోతే ఆ గీత పడుకొని ఉంటుంది. పుడితే లేస్తుంది. పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఉండేది. గుంటూరు వైపు పిల్ల. గీత లేస్తే ఆ పిల్ల ముఖం వెలిగిపోయేది.

ఇంత పని ఒక పూల చెండుతో పాడవుతుంది. మల్లెపూలు పెట్టుకున్న మనిషి ఆ గదిలోకి వస్తే మల్లె వాసన కూడా ఆవిరే కదా. తలనూనె, పౌడరు, అగరుబత్తి, వాసన సబ్బు, ఏదీ పనికిరాదు. అందుకే తలుపు దగ్గర ఒక ముక్కు కావలసి వచ్చింది. నేను అంతకుముందు కోహీర్ వైపు అల్లం గోదాములో పని చేశాను. కుప్పలో ఎక్కడో అడుగున ఒక గడ్డ కుళ్లితే పైనుంచే చెప్పేదాన్ని. ఊడవడానికి పెట్టుకున్న మనిషికి ఇలాంటి ముక్కు ఉందని తెలిసి మేడమ్ నన్ను తలుపు దగ్గర నిలబెట్టింది.

పిల్లలూ, అప్పుడు నాకు పట్టిన గర్వం మీరు చూడాలి. ఒకరోజు మేడమ్ చేతికి ఏదో క్రీము రాసుకొని వస్తే ఆమెనే వెనక్కి పంపాను. చేతులు కడుక్కొని వచ్చి "థాంక్యూ" అంది. ఆ థాంక్యూ నేను నెల రోజులు మోసుకు తిరిగాను. గుంటూరు పిల్ల సీసాల మీది పేర్లు చూపించి నాకు అక్షరాలు నేర్పింది. అవి రాగానే నేను చేసిన మొదటి పని తలుపు మీదికి ఒక బోర్డు రాయడం. "వాసన ఉన్నవారు లోపలికి రాకూడదు."

ఆ బోర్డు చూసి మొదట నవ్వింది మా టెక్నీషియను. జహీరాబాద్ మనిషే, సాయిబుల ఇంటి మనిషి. దీపాలు, ఏసీ, గాలి యంత్రం, అన్నీ ఆయన చేతి కిందివే. వయసులో నాకంటే కొద్దిగా చిన్న. నేను భాయ్ అనేదాన్ని, ఆయన అక్క అనేవాడు. నోరు ఊరుకునేది కాదు.

"అక్కా, వాసన అంటే మంచి వాసనా, చెడ్డ వాసనా? ఖుల్లా రాయాలె గదా."

"ఏ వాసనైనా ఒక్కటే."

"అయితే మరి నీ అల్లం వాసన?"

"నేను గోదాము ఇడిచి ఎన్నేండ్లాయె! ఇంకా యాడికెల్లి వస్తది?"

"వస్తది అక్కా, వస్తది. నువ్వు నవ్వినప్పుడు జర ఘాటుగ వస్తది."

రోజూ పొద్దున తలుపు ముందు నిలబడి, చేతులు రెండూ చాచి, "చూడు అక్కా, ఇయ్యాల పాసా ఫేలా?" అనేవాడు. నేను దగ్గరికి వెళ్లి భుజం దగ్గర, చేతుల దగ్గర వాసన చూసి "పాస్, పో" అనేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయి వస్తే అత్తరు ఉంటుందని తనే లోపలికి వచ్చేవాడు కాదు. సాయంత్రం దాకా బయట షెడ్డులోనే పని చూసుకునేవాడు. ఒక్కసారి, రంజాను మరునాడు, షేర్వానీకి పట్టిన అత్తరు చొక్కాకు కూడా అంటుకొని వచ్చాడు. నేను గుమ్మంలోనే ఆపేసి అందరి ముందు "నీ అత్తరు హైదరాబాదు దాకా కొడుతుంది భాయ్" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నా తలలో ఒక చోట కూర్చుండిపోయింది. అత్తరంటే ఈయన, ఈయనంటే అత్తరు.

ప్రాజెక్టుకు మూడేళ్ల గడువు ముగిసే సంవత్సరం వచ్చింది. ఢిల్లీ నుంచి ముగ్గురు పెద్దవాళ్లు వచ్చి చూసి, గది ఉంచాలో మూసేయాలో చెబుతారన్నారు. వాళ్లు చూసేది ఖాళీ సంచి పరీక్ష. సంచిలో ఏ ఆవిరీ వేయకుండా, ఒట్టి శుభ్రమైన గాలి నింపి దీపాలు వేయాలి. ఏమీ వేయలేదు కాబట్టి ఏమీ పుట్టకూడదు. గీత పడుకొని ఉంటే ఈ గది నమ్మకమైనది, ఇంకో మూడేళ్లు నడుస్తుంది. లేచిందంటే ఇంతకాలం మేము చూపించిన ప్రతి గీత మీదా అనుమానమే. గుంటూరు పిల్లకు ఇంకా రెండు ప్రయోగాలు మిగిలి ఉన్నాయి. గది మూస్తే ఆమె చదువు మధ్యలో ఆగుతుంది. భాయ్‌దీ నాదీ కాంట్రాక్టు ఉద్యోగం. గదితోనే మేమూ.

"పని పోతే మల్ల ఇంటింటికీ తిరిగి ఏసీలు బాగు జేసుడే నాకు," అన్నాడు భాయ్. "నీకేంది అక్కా, నీ అల్లం నీకుంది."

"పోదు గని, మంచి మాట మాట్లాడు," అన్నాను.

పెద్దవాళ్లు శుక్రవారం వస్తారన్నారు. దసరా గురువారం పడింది. సంచిని ఒక రోజంతా, ఒక రాత్రంతా శుభ్రమైన గాలితో కడుగుతూ ఉండాలి. కాబట్టి పండుగ నాడు కూడా గాలి యంత్రం ఆగకూడదు. భాయ్ పొద్దునే వచ్చి యంత్రం నడిపించి, అన్నీ సరిచూసి, వెళ్లిపోయాడు. పగలు దానిని కనిపెట్టుకొని ఉండడం నా పని.

ఆ రోజు జహీరాబాద్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొత్త ట్రాక్టరు మొదలుకొని పాత సైకిలు దాకా ప్రతిదానికీ బంతిపూలు, బొట్లు. చెరకు లారీల చక్రాల కింద నిమ్మకాయలు. ఆటోల ముందు మామిడాకులు. వచ్చే దారిలో అవన్నీ చూస్తూ వచ్చాను. ల్యాబుకు వచ్చి మా షెడ్డులో ఒంటరిగా బుస్‌బుస్‌మంటున్న గాలి యంత్రాన్ని చూస్తే నాకు పాపమనిపించింది. రేపు పరీక్ష. ఊరంతటికీ పండుగ. మన కడుపు నింపే యంత్రానికి ఒక్క బొట్టు లేదు. పైగా ఢిల్లీ నుంచి ముగ్గురి కళ్లు పడబోతున్నాయి. దిష్టి తగలదా?

మేడమ్ మాట నాకు గుర్తుంది. భవనం లోపల ఏ వాసనా ఉండకూడదు. నేను ఆ మాట దాటలేదనుకున్నాను. షెడ్డు భవనం బయట ఉంది. సంచి గది అవతలి వైపు ఉంది. నా మనసులో శుభ్రత తలుపు దగ్గర మొదలై తలుపు దగ్గరే ముగిసేది, ఎందుకంటే నేను నిలబడేది అక్కడే. ఇక గాలి ఎక్కడి నుంచి వస్తుందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

యంత్రానికి బొట్టు పెట్టాను. కర్పూరం వెలిగించాను, ఒక్క నిమిషం, అదీ బయట. నిమ్మకాయ కోసి రెండు ముక్కలకూ కుంకుమ అద్ది చెరో పక్కన పెట్టాను. ఇంటి నుంచి తెచ్చిన నిమ్మకాయల, పచ్చిమిరపకాయల దండ ఒకటి ఉంది. దారం కట్టడానికి యంత్రం మీద ఎక్కడా కొక్కెం లేదు. గోడ నుంచి బయటికి వంగి ఉన్న ఒక గొట్టం మూతి చేతికి అందింది. దాని చుట్టూ కట్టాను. సూదితో గుచ్చిన నిమ్మకాయలు, రసం కారుతూనే ఉన్నాయి. గొట్టం మూతి ముందు అందంగా ఊగింది. దండం పెట్టుకొని, సాయంత్రం దాకా ఉండి ఇంటికి పోయాను.

మీకు ఈసరికి అర్థమై ఉంటుంది. సంచిలోకి గాలి పీల్చే గొట్టం అదే. ఆ గాలి ఒక బొగ్గు డబ్బాలో నుంచి పోతుంది. బొగ్గు వాసనలను పట్టుకుంటుంది. కానీ ఆ బొగ్గు అప్పటికే పాతబడింది. మారుద్దామని భాయ్ అడిగితే, మారిస్తే మళ్లీ రెండు రోజులు గాలితో కడగాలి, పరీక్ష అయ్యాక చూద్దామంది మేడమ్. రాత్రంతా యంత్రం నా నిమ్మకాయలను పీల్చింది.

శుక్రవారం పొద్దున నేను అందరికంటే ముందు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. భాయ్ షెడ్డు వైపు నుంచి వచ్చాడు. చేతులు చాచాడు. "పాసా ఫేలా?"

వాసన చూశాను. వట్టి సబ్బు, అదీ మా ల్యాబు ఇచ్చే వాసన లేని సబ్బు. కొంచెం యంత్రం నూనె ఉంటే చేతులు మళ్లీ కడుక్కోమన్నాను. కడుక్కొని వచ్చాడు. మళ్లీ చూశాను. "పాస్," అన్నాను. ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి, ఏదో చెప్పబోయి, "పండుగ మంచిగైందా అక్కా?" అని మాత్రం అన్నాడు. అయిందన్నాను.

ముగ్గురు పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లనూ వాసన చూశాను. అందులో పెద్దాయన, తెల్ల మీసాలాయన, దీనికి నవ్వి చేతులు చాచాడు. దీపాలు వేశారు. అందరం గీత వైపు చూస్తూ నిలబడ్డాం.

కొంతసేపు అది పడుకునే ఉంది. తర్వాత ఒక చివర కొంచెం వణికింది. తర్వాత లేచింది. మెల్లగా కాదు, పాలు పొంగినట్టు లేచింది. గుంటూరు పిల్ల నోటి మీద చేయి పెట్టుకుంది. మేడమ్ ముఖంలో రక్తం లేదు. తెల్ల మీసాలాయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. మేడమ్ మా వైపు తిరిగి, "లోపల ఎవరైనా ఏమైనా రాసుకొని ఉన్నారా?" అంది.

ఆ ప్రశ్న నన్ను అడిగినట్టే. తలుపు నాది. ఎవరినో తప్పుగా లోపలికి పంపానంటే నా ముక్కు అబద్ధమైనట్టు. నా ఉద్యోగం కంటే ముందు ఆ భయం వచ్చింది. అది శుక్రవారం. నా పక్కన భాయ్ నిలబడి ఉన్నాడు.

"భాయ్ అత్తరు వేసుకున్నడు మేడమ్," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏందక్కా? పొద్దున నువ్వే గదా రెండు సార్లు చూసి పంపినవ్."

"అప్పుడు రాలె. ఇప్పుడు వస్తుంది."

రాలేదు. ఏమీ రాలేదు. కానీ ఆ మాట నా నోట్లో నుంచి ఎంత ధైర్యంగా వచ్చిందంటే, ఒక క్షణం నాకే అత్తరు వాసన వచ్చినట్టు అనిపించింది.

"నేను ఇంకా నమాజుకే పోలేదు మేడమ్. పొద్దుగాల అత్తర్ ఎవరు వేసుకుంటరు?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. తెల్ల మీసాలాయనకు మాటలు అర్థం కాకపోయినా వేలు ఎటు చూపుతోందో అర్థమైంది. ఆయనను బయట ఉండమనండి, మిగతాది చూద్దాం అన్నట్టు చేయి ఊపాడు. భాయ్ బయటికి వెళ్లాడు. నేను తలుపు తీశాను.

ఆయన బయటికి వెళ్లిన తర్వాత కూడా గీత లేస్తూనే ఉంది.

గదిలో ఇంకో యంత్రం ఉంటుంది. ఏ ఆవిరి ఉందో చెప్పేది అది. గుంటూరు పిల్ల దాని ముందు కూర్చుంది. కాసేపటికి, తనకే నమ్మకం లేనట్టు, "మేడమ్, ఇది నిమ్మ తొక్కది. సందేహం లేదు. కర్పూరం కూడా కొంచెం ఉంది," అంది.

మేడమ్ లేచి షెడ్డు వైపు నడిచింది. మేమందరం వెనకాల. భాయ్ షెడ్డు ముందు ఎండలో నిలబడి ఉన్నాడు. గొట్టం మూతికి దండ లేదు. యంత్రం మీద బొట్టు లేదు. నేల మీద నిమ్మ ముక్కలూ లేవు. అంతా తుడిచి ఉంది. ఎవరో అక్కడ ఏమీ జరగలేదన్నట్టు చేశారు.

"ఇక్కడ నిమ్మకాయలు ఎవరు పెట్టారు?" అని మేడమ్ ఆయననే అడిగింది. షెడ్డు ఆయనది కదా.

భాయ్ నవ్వాడు. అలాంటి నవ్వు నేను ఆయన ముఖంలో అంతకుముందు చూడలేదు. "నేనే పెట్టిన అని రాసుకోండ్రి మేడమ్. అత్తర్ గూడ నాదే, నిమ్మకాయలు గూడ నావే. బొట్టు పెట్టిన, కర్పూరం వెలిగించిన, దండం గూడ మంచిగ పెట్టుకున్న. దసరా పూజ మా ఇంట్ల తరతరాలకెల్లి చేస్తున్నం."

గుంటూరు పిల్ల తల దించుకుంది. నేను అప్పుడు మాట్లాడాను. "నేనే కట్టిన మేడమ్. దిష్టి తగులద్దని కట్టిన. గది బయటనే గదా అనుకున్న."

"మరి అవేవి?"

"పొద్దుగాల నేను తీసి పడేసిన," అన్నాడు భాయ్.

"ఎందుకు? నాకు చెప్పి ఉంటే పరీక్ష ఆపి, సంచి కడిగేవాళ్లం కదా?"

"బొగ్గు ఆపుతదనుకున్న మేడమ్. నాది గూడ గల్తీనే. పండుగ పూట అక్కకు తిట్లెందుకని..." అంటూ మధ్యలో ఆపేశాడు. అక్క అన్న మాట నోట్లోకి వచ్చాక దాన్ని ఏం చేయాలో తెలియనట్టు.

మేడమ్ తెల్ల మీసాలాయనకు ఇంగ్లీషులో అంతా చెప్పింది. ఆయన "నీంబూ?" అన్నాడు. ఇంకోసారి "నీంబూ!" అన్నాడు. పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. బయట గొట్టానికి కట్టిన నిమ్మకాయలను కూడా కనిపెట్టిందంటే మీ సంచి బాగానే పని చేస్తోంది, బొగ్గు మార్చండి, మేము సోమవారం దాకా ఉంటాం, మళ్లీ చూపించండి అన్నాడట. మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంటూరు పిల్ల ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను. ప్రాణం లేచి వచ్చినట్టుంది. అందరం మాట్లాడుకుంటూ గదిలోకి తిరిగి వచ్చాం. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదని నియమం. అందరూ లోపలికి రాగానే నేను మూసేశాను.

అందరూ అని రాశాను. భాయ్ బయటే ఉన్నాడు. ఆయనను బయట ఉండమన్నారు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఢిల్లీవాళ్లకు తట్టలేదు, మేడమ్‌కు ఆ కంగారులో తట్టలేదు. కానీ తలుపు దగ్గర ఉండేది నేను. ఎవరు లోపల, ఎవరు బయట అని చూడడం ఒక్కటే నా పని. తలుపుకు చిన్న అద్దం ఉంటుంది. అందులో నుంచి చూస్తే ఎండలో ఆయన వీపు కనిపించింది. నేను తలుపు తెరిచి పిలవాలనుకున్నాను. ఏమని పిలవాలి? కాసేపు చూసే సరికి నమాజుకు బండి తీసుకొని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున ఆయన ఒక్కడే వచ్చి బొగ్గు మారుస్తున్నాడు. రాడేమోనని మేడమ్ భయపడింది. మరో మనిషికి ఆ పని రాదు. నేను జొన్నరొట్టెలు, వంకాయ కూర కట్టుకొని వెళ్లాను. ముఖం నిండా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"తప్పైంది భాయ్," అన్నాను.

చేతిలో పని ఆపాడు. "దేనికక్కా?"

"నిమ్మకాయల దండ..."

ఆయన చాలాసేపు నా వైపే చూశాడు. నేను ఇంకా ఏదైనా అంటానేమోనని ఎదురు చూశాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడూ తెలుసు. కానీ ఆ రెండో మాట నేను అనలేదు. నిమ్మకాయ పొరపాటు. తెలియక చేసింది. దానికి తప్పైందని చెప్పడం తేలిక. అత్తరు సంగతి అలాంటిది కాదు.

"నిమ్మకాయదేముంది, ఎవరికి తెలుసు," అన్నాడు చివరికి. మళ్లీ బొగ్గు ఎత్తిపోయసాగాడు. రొట్టెలు అక్కడే పెట్టి వచ్చాను. సాయంత్రం డబ్బా కడిగి తలుపు దగ్గర పెట్టి ఉంది. తిన్నాడో కుక్కకు వేశాడో అడగలేదు.

సోమవారం ముగ్గురు పెద్దవాళ్లూ ముందే వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. అందరి తర్వాత భాయ్ వచ్చాడు. నేను పక్కకు జరిగి, "పో భాయ్, లోపటికి పో," అన్నాను.

ఆయన పోలేదు. చేతులు రెండూ చాచాడు. "చూడండి."

"అవసరం లేదు..."

"రూలు ఉంది గదా. బోర్డు మీరే రాసిన్రు. చూడండి మేడమ్."

ఆ మాట విని మేడమ్ తనను పిలిచాడనుకొని వెనక్కి తిరిగింది. ఆయన పిలిచింది నన్ను.

నేను ముందుకు వెళ్లాను. భుజం దగ్గర, చేతుల దగ్గర. సబ్బు, కొద్దిగా బొగ్గు. ముఖం ఎత్తలేక అక్కడే "ఏం లేదు" అన్నాను.

"జర గట్టిగ చెప్పండి. సార్లకు వినపడాలె."

"ఏం వాసన లేదు," అన్నాను గట్టిగా. నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినిపించింది. తెల్ల మీసాలాయన మొదట నవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు.

ఆ రోజు గీత లేవలేదు. మధ్యాహ్నం దాకా పడుకొనే ఉంది. గది మూడేళ్లకు నిలిచింది, ఆ తర్వాత ఇంకో మూడేళ్లకు. గుంటూరు పిల్ల చదువు పూర్తి చేసి ఇప్పుడు తనే ఎక్కడో పిల్లలకు చెబుతోంది. అందరం గెలిచాం. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

నన్ను తలుపు దగ్గర నుంచి తీసేయండని మేడమ్‌ను అడిగాను. శిక్షగా అడిగానని ఆమె అనుకొని, "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నువ్వే ఉండు," అంది. ఆమె దయ నన్ను అక్కడే కట్టేసింది. నేను రిటైరయ్యే దాకా ప్రతి పొద్దున ఆయన వచ్చి చేతులు చాచేవాడు. నేను వాసన చూసేదాన్ని. పాసా ఫేలా అని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నమస్తే మేడమ్ అనేవాడు. నాకు జ్వరం వస్తే దవాఖానకు తన బండి మీద తీసుకుపోయాడు. ఆ దారంతా మీరు, రండి, కూర్చోండి. మర్యాదకు ఏమీ తక్కువ చేయలేదు.

రిటైరయిన రోజు ల్యాబులో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పి మాట్లాడమన్నారు. ఏమేమో రాసుకొని వెళ్లాను. నిలబడ్డాక అదేదీ చదవలేదు. "ఆ శుక్రవారం నాకు అత్తరు వాసన రాలేదు. రాలేదని నాకు అప్పుడే తెలుసు," అన్నాను. కొత్తగా చేరిన పిల్లలకు అర్థం కాలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మేడమ్ చప్పట్లు కొట్టబోయి ఆగింది.

భాయ్ వెనక వరుసలో ఏసీ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎరుకే మేడమ్," అన్నాడు నాతో.

తర్వాత సమోసాలు వచ్చాయి. కుర్చీలు తక్కువపడితే ఆయనే ఒకటి తెచ్చి, తుడిచి, నన్ను కూర్చోబెట్టాడు. ప్లేటు కూడా ఆయనే తెచ్చాడు. రెండు చేతులతో పట్టుకొని, "తీసుకోండి," అన్నాడు.